అణు నిర్మాణాలను చూపే సాఫ్ట్‌వేర్‌లో పోర్టు సమస్యలు: కారణం ఎలా పట్టుకోవాలి, ఎలా సరిచేయాలి

పైమోల్, వీఎండీ, కైమెరాఎక్స్ వంటి ప్రోగ్రాములను ప్రొటీన్ల త్రిమితీయ రూపాలు చూసుకోవడానికి మాత్రమే వాడేవారికి నెట్‌వర్క్ పోర్టుల (ఒక్కో ప్రోగ్రాము కనెక్షన్లు అందుకునే, సంఖ్యలతో గుర్తించే తలుపుల) గురించి ఆలోచించవలసిన అవసరం సాధారణంగా రాదు. పైథాన్ స్క్రిప్టు నుంచి ఆ ప్రోగ్రాముకు ఆదేశాలు పంపాలనుకున్నప్పుడో, క్లస్టర్ (కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు) మీద నడుస్తున్న సిమ్యులేషన్‌లో అణువు కదలికను అప్పటికప్పుడు మీ తెరపై చూడాలనుకున్నప్పుడో ఆ అవసరం వస్తుంది, సాధారణంగా ఒక దోష సందేశం రూపంలోనే వస్తుంది. ఆ సందేశం చూడగానే చాలామంది చేసే మొదటి పని పోర్టు సంఖ్య మార్చి చూడడం. అది ఫలించకపోతే అనుమతి లేని కనెక్షన్లను అడ్డుకునే ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపేస్తారు. ఈ రెండూ వరుసలో చివర రావలసిన పనులు. నేను చూసిన పోర్టు సమస్యల్లో ఎక్కువ భాగం అసలు పోర్టు సమస్యలు కావు: అవతలి వైపు ఎవరూ వినడం లేదు (అంటే కనెక్షన్ కోసం ఎదురుచూసే ప్రోగ్రాము లేదు), లేదా వింటున్నారు కానీ వేరే చిరునామా మీద వింటున్నారు, లేదా ఆ పోర్టులో వింటున్నది మీరు అనుకున్న ప్రోగ్రాము కాదు. అందువల్ల ఏదీ మార్చకముందే ఈ మూడింటిలో మీది ఏదో తేల్చుకోండి.

ఒక చిన్న గమనిక: ఈ వ్యాసంలో ఆదేశాలను పలికే తీరులో తెలుగు లిపిలోనే రాశాను. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లిష్ అక్షరాలతో, ప్రత్యేకంగా చెప్పినచోట తప్ప చిన్న అక్షరాలతో కొట్టండి. హైఫన్ అన్నచోట అడ్డగీత పెట్టండి.

మొదటి మెట్టు: సందేశాన్ని పూర్తిగా చదవండి

దోష సందేశంలో ఉండే మాట, దాని పక్కన ఉండే సంఖ్య, ఈ రెండే సగం రోగనిర్ణయం చేసిపెడతాయి. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని వస్తే, మీ అభ్యర్థన అవతలి యంత్రం వరకూ చేరింది, అక్కడ ఆ పోర్టు దగ్గర వినేవారు లేక వెనక్కి వచ్చింది అని అర్థం. లినక్స్‌లో దీని సంఖ్య 111, మ్యాక్‌లో 61, విండోస్‌లో 10061. ఈ సందేశం వెంటనే వస్తుంది, ఎదురుచూపు ఉండదు. 'టైమ్డ్ ఔట్' అని చాలాసేపటి తరవాత వస్తే, పంపిన పొట్లం (డేటా ప్యాకెట్) దారిలో ఎక్కడో జవాబు లేకుండా మాయమైంది; ఇది ఎక్కువగా ఫైర్‌వాల్ పని, లేదా మీరు ఇచ్చిన ఐపీ చిరునామాయే తప్పు. లినక్స్‌లో 110, మ్యాక్‌లో 60, విండోస్‌లో 10060 దీని గుర్తులు.

'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అన్నది పూర్తిగా వేరే జాతి సందేశం. అది కనెక్ట్ కావడానికి ప్రయత్నిస్తున్న ప్రోగ్రాముకు కాదు, వినడానికి కూర్చోబోయిన ప్రోగ్రాముకు వస్తుంది. లినక్స్‌లో 98, మ్యాక్‌లో 48, విండోస్‌లో 10048. ఈ సందేశం చూసి నెట్‌వర్క్ తీగలను, వైఫైని అనుమానించడం వృథా, ఎందుకంటే సమస్య మొత్తం ఆ ఒక్క యంత్రంలోనే ఉంది. 'పర్మిషన్ డినైడ్' అని వస్తే రెండు కారణాలు చూడాలి: లినక్స్‌లో 1024 కంటే తక్కువ సంఖ్య ఉన్న పోర్టు మీద వినే అధికారం మామూలు వాడుకరికి ఉండదు; విండోస్‌లో అయితే 10013 సంఖ్యతో వచ్చే ఇదే సందేశానికి వేరే కారణం ఉంటుంది, దాని గురించి కింద చెబుతాను.

లినక్స్‌లో 113 సంఖ్యతో 'నో రూట్ టు హోస్ట్' అని వస్తే పేరు చూసి మోసపోవద్దు. నిజంగానే దారి లేకపోవచ్చు, కానీ అదే యంత్రానికి ఎస్ఎస్‌హెచ్ (దూరపు యంత్రంలోకి టెర్మినల్ ద్వారా ప్రవేశించే పద్ధతి) చక్కగా పనిచేస్తూ ఈ ఒక్క పోర్టుకే ఆ సందేశం వస్తుంటే, అవతలి యంత్రం ఫైర్‌వాల్ మీ అభ్యర్థనను తిరస్కరిస్తూ ఆ జవాబు పంపుతోందని అనుకోవచ్చు.

రెండవ మెట్టు: ఎవరు వింటున్నారో చూడండి

వినవలసిన ప్రోగ్రాము ఏ యంత్రం మీద ఉందో ఆ యంత్రం టెర్మినల్‌లోనే ఈ పరీక్ష చేయాలి. లినక్స్‌లో 'ఎస్ఎస్' అని రాసి, ఖాళీ వదిలి, హైఫన్ పెట్టి ఎల్, టీ, ఎన్, పీ అక్షరాలను కలిపి కొట్టండి. మ్యాక్‌లో 'ఎల్ఎస్ఓఎఫ్' అని రాసి, హైఫన్ వెంట చిన్న ఎన్, పెద్ద పీ, తరవాత ఖాళీ వదిలి హైఫన్, చిన్న ఐ, పెద్ద అక్షరాల్లో టీసీపీ, కోలన్, పోర్టు సంఖ్య ఇవ్వండి. విండోస్‌లో 'నెట్‌స్టాట్' వెంట హైఫన్, ఏ, ఎన్, ఓ అక్షరాలు ఇస్తే ప్రతి వరుస చివరా ప్రాసెస్ సంఖ్య కనిపిస్తుంది. ఆ సంఖ్య ఏ ప్రోగ్రాముదో టాస్క్ మేనేజర్‌లో వివరాల పట్టికలో చూసుకోవచ్చు. లినక్స్‌లో ఇతర వాడుకరుల ప్రాసెస్‌ల పేర్లు మీకు కనబడవు కాబట్టి, పోర్టు వాడుకలో ఉండి పేరు మాత్రం ఖాళీగా ఉంటే అది వేరెవరిదో అని గ్రహించండి.

ఈ జాబితాలో మీ పోర్టు కనబడకపోతే, ఇక క్లయింటు (కనెక్ట్ కాబోయే ప్రోగ్రాము) వైపు ఎన్ని మార్పులు చేసినా ఫలితం ఉండదు. వినవలసిన ప్రోగ్రాము తన సర్వరును, అంటే వినే భాగాన్ని, ఎందుకు మొదలుపెట్టలేదో దాని లాగ్‌లో వెతకాలి. కనబడితే, ఆ వరుసలోని ప్రోగ్రాము పేరు మీరు అనుకున్నదేనా అని తప్పకుండా చూడండి.

పేరు సరిపోయినంత మాత్రాన కూడా నిశ్చింతగా ఉండకండి. ఒక సాయంత్రమంతా నేను ఒక పైథాన్ స్క్రిప్టుతో కుస్తీ పట్టాను. స్క్రిప్టు ఏ దోషమూ చూపకుండా ముగుస్తోంది, ఎదురుగా ఉన్న పైమోల్ కిటికీలో మాత్రం అణువు ప్రత్యక్షం కావడం లేదు. వెనక డెస్క్‌టాప్‌లో ఉదయం తెరిచి మరిచిపోయిన ఇంకో పైమోల్ కిటికీలో ఆ అణువు పన్నెండు ప్రతులుగా పేరుకుపోయి ఉంది. ఇలా ఎందుకు జరుగుతుందో పైమోల్ భాగంలో వివరిస్తాను.

మూసేశామని అనుకున్న ప్రోగ్రాము పోర్టును పట్టుకుని ఉండడం కూడా తరచుగా జరుగుతుంది. కిటికీ మూసినా ప్రాసెస్ మిగిలిపోవచ్చు. టెర్మినల్‌లో కంట్రోల్, జెడ్ నొక్కి ఆపిన ప్రోగ్రాము చనిపోలేదు, నిద్రపోతోంది. దాని పోర్టు దాని దగ్గరే ఉంటుంది, పైగా ఆపరేటింగ్ సిస్టమ్ దాని తరఫున కొత్త కనెక్షన్లను స్వీకరిస్తూనే ఉంటుంది కాబట్టి బయటినుంచి పరీక్షిస్తే పోర్టు తెరిచి ఉన్నట్టే కనబడుతుంది, జవాబు మాత్రం ఎప్పటికీ రాదు. అదే టెర్మినల్‌లో 'జాబ్స్' అని కొడితే ఇలాంటివి బయటపడతాయి. ప్రోగ్రాము నిజంగానే ముగిసిన తరవాత కూడా లినక్స్‌లో పాత కనెక్షన్ 60 సెకన్ల పాటు 'టైమ్ వెయిట్' స్థితిలో ఉంటుంది. ఆ వ్యవధిలో కొన్ని ప్రోగ్రాములు అదే పోర్టును మళ్లీ తెరవలేవు. ఇక్కడ పోర్టు మార్చనవసరం లేదు, ఒక్క నిమిషం ఆగితే చాలు.

మూడవ మెట్టు: ఏ చిరునామా మీద వింటున్నారో చూడండి

పైన వచ్చిన జాబితాలోనే పోర్టు సంఖ్యకు ముందు ఒక చిరునామా ఉంటుంది. అది 127.0.0.1 అయితే ఆ ప్రోగ్రాము తన యంత్రంలోని ప్రోగ్రాముల మాట మాత్రమే వింటుంది. పక్క గదిలోని కంప్యూటరు నుంచి ఎంత ప్రయత్నించినా తిరస్కారమే ఎదురవుతుంది. 0.0.0.0 లేదా నక్షత్రం గుర్తు ఉంటే అన్ని నెట్‌వర్క్ చిరునామాల మీదా వింటుందని అర్థం.

మరో చిక్కు 'లోకల్‌హోస్ట్' అన్న పేరులోనే ఉంది. ఆ పేరు ఐపీవీ4లో 127.0.0.1గానూ, ఐపీవీ6లో రెండు కోలన్‌ల తరవాత ఒకటిగానూ విడిపోతుంది. సర్వరు మొదటిదాని మీదే వింటుండగా క్లయింటు రెండవదాన్ని ముందు ప్రయత్నిస్తే కొన్ని ప్రోగ్రాములు అక్కడే విఫలమవుతాయి; కొన్ని రెండవ ప్రయత్నంలో నెగ్గుతాయి కానీ, విండోస్‌లో ప్రతి పిలుపుకూ ఒకటి రెండు సెకన్ల జాప్యం చేరుతుంది. 'కనెక్ట్ అవుతోంది కానీ చాలా నెమ్మదిగా ఉంది' అన్న ఫిర్యాదుకు ఇదొక సాధారణ మూలం. స్క్రిప్టులో పేరుకు బదులు 127.0.0.1 అని అంకెల్లో రాస్తే రెండు బాధలూ తప్పుతాయి.

ఇక దూరం నుంచి తలుపు తట్టి చూడడానికి, లినక్స్, మ్యాక్ యంత్రాల్లో 'ఎన్‌సీ' ఆదేశాన్ని హైఫన్, వీ, జెడ్ అక్షరాలతో, యంత్రం పేరు, పోర్టు సంఖ్య జోడించి వాడండి. విండోస్ పవర్‌షెల్‌లో 'టెస్ట్ హైఫన్ నెట్‌కనెక్షన్' వెంట యంత్రం పేరు, హైఫన్ పోర్ట్, సంఖ్య ఇస్తే చివరి వరుసలో 'ట్రూ' లేదా 'ఫాల్స్' అని తేల్చి చెబుతుంది. ముందు సర్వరు ఉన్న యంత్రం నుంచే, తరవాత మీ యంత్రం నుంచి, రెండుసార్లు ఈ పరీక్ష చేయండి. అక్కడ నెగ్గి ఇక్కడ విఫలమైతే సమస్య దారిలో ఉంది. అక్కడే విఫలమైతే ఫైర్‌వాల్ ఊసు ఎత్తనవసరం లేదు.

పైమోల్

పైమోల్‌ను మామూలుగా తెరిస్తే అది ఏ పోర్టూ తెరవదు. టెర్మినల్ నుంచి హైఫన్, పెద్ద ఆర్ ఆప్షన్‌తో మొదలుపెట్టినప్పుడే బయటి స్క్రిప్టుల ఆదేశాలు అందుకునే దాని ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ సర్వరు పనిచేస్తుంది. డెస్క్‌టాప్ మీది గుర్తును నొక్కి తెరిచి, స్క్రిప్టు ఎందుకు కనెక్ట్ కావడం లేదని ఆశ్చర్యపోవడం ఈ విషయంలో అందరూ ఒకసారైనా చేసే తప్పు.

ఆ సర్వరు మొదట 9123 పోర్టును ప్రయత్నిస్తుంది. అది ఖాళీగా లేకపోతే దోషం చూపి ఆగిపోదు; 9124, 9125 అంటూ వరుసగా మొత్తం ఐదు పోర్టుల వరకూ చూసి, ఖాళీగా దొరికినదాని మీద కూర్చుని, ఏ పోర్టు దొరికిందో మొదట్లోనే ఒక వరుసలో చెబుతుంది. ఆ వరుసను ఎవరూ చదవరు. రసాయన లెక్కలకు వాడే ఆర్‌డీకిట్ అనే పైథాన్ లైబ్రరీలోని పైమోల్ అనుసంధానం మాత్రం, మీరు వేరే సంఖ్య చెప్పనంత వరకూ, 9123 తలుపే తడుతుంది. కాబట్టి రెండు పైమోల్ కిటికీలు తెరిచి ఉన్నప్పుడు మీ ఆదేశాలన్నీ మొదటి కిటికీకే వెళ్తాయి. పాతదాన్ని మూసి కొత్తదాన్ని మళ్లీ తెరవండి, లేదా క్లయింటును సృష్టించేటప్పుడు కొత్త పోర్టు సంఖ్యను స్పష్టంగా ఇవ్వండి.

పైమోల్ సర్వరు సాధారణంగా లోకల్‌హోస్ట్ మీదే వింటుంది. వేరే యంత్రం నుంచి అందుకోవాలంటే పైమోల్, అండర్‌స్కోర్, ఆర్‌పీసీహోస్ట్ అన్న పేరుతో, మొత్తం పెద్ద అక్షరాల్లో, ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి చిరునామా మార్చవచ్చు. అయితే ఈ సర్వరు సంకేతపదం ఏదీ అడగదు; దాన్ని చేరుకోగలిగినవారు ఎవరైనా దాని ద్వారా మీ యంత్రంలో పైథాన్ కోడ్ నడిపించగలరు. అందువల్ల 0.0.0.0 మీద తెరవడం నేను ఎవరికీ సూచించను. కంటెయినర్ (మిగతా యంత్రం నుంచి విడిగా ప్రోగ్రామును నడిపే పెట్టె) లోపల నడిపేటప్పుడు మాత్రం వేరే దారి లేదు, ఎందుకంటే కంటెయినర్ లోపలి 127.0.0.1 బయటివారికి అందదు. అప్పుడు కూడా పోర్టును బయటికి ప్రచురించే చోట మీ యంత్రపు 127.0.0.1ను ముందు చేర్చి రాయండి. అలా రాస్తే తలుపు మీ యంత్రం లోపలికే తెరుచుకుంటుంది.

కైమెరాఎక్స్

దీనిలో రెండు రకాల సర్వర్లున్నాయి. 'రిమోట్‌కంట్రోల్ రెస్ట్ స్టార్ట్' అన్న ఆదేశంతో, వెబ్ అభ్యర్థనల రూపంలో ఆదేశాలు తీసుకునే రెస్ట్ సర్వరు మొదలవుతుంది. పోర్టు సంఖ్య చెప్పకపోతే ప్రతిసారీ ఏదో ఒక ఖాళీ పోర్టును తనే ఎంచుకుని, లాగ్‌లో ఆ సంఖ్యను ప్రకటిస్తుంది. నిన్నటి సంఖ్యను స్క్రిప్టులో ఉంచి ఈరోజు నడిపితే తిరస్కారం రావడం సహజమే. అదే ఆదేశం చివర 'పోర్ట్' అని రాసి మీకు నచ్చిన సంఖ్య ఇచ్చి స్థిరపరచండి. సర్వరు పనిచేస్తోందా లేదా అన్నది చూడడానికి స్క్రిప్టు అవసరం లేదు: బ్రౌజరులో 127.0.0.1, కోలన్, ఆ పోర్టు సంఖ్య, ఏటవాలు గీత, 'సీఎండీలైన్ డాట్ హెచ్‌టీఎంఎల్' అని ఇస్తే ఆదేశాలు రాసే చిన్న పెట్టె తెరుచుకోవాలి. రెండవదైన ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ సర్వరు 127.0.0.1 మీద 42184 పోర్టును వాడుతుంది. పలువురు కలిసి ఒకే దృశ్యాన్ని చూసే 'మీటింగ్' సదుపాయానికి 52194 పోర్టు కేటాయించారు. ఇది వేరే యంత్రాలనుంచి వచ్చే కనెక్షన్లకోసం ఉద్దేశించినది కాబట్టి, ఆతిథ్యం ఇచ్చే యంత్రం ఫైర్‌వాల్‌లో దానికి అనుమతి ఉండాలి.

పోర్టు సంఖ్యను మీరే ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. బయటికి వెళ్లే కనెక్షన్లకు ఆపరేటింగ్ సిస్టమ్ తాత్కాలికంగా పోర్టులు ఇస్తూ ఉంటుంది; లినక్స్ అందుకోసం మామూలుగా 32768 నుంచి 60999 వరకూ, విండోస్ 49152 నుంచి 65535 వరకూ వాడుకుంటాయి. ఆ పరిధిలోని సంఖ్యను ఎంచుకుంటే నెలకోసారి, ఏ కారణమూ లేనట్టుగా, పోర్టు వాడుకలో ఉందన్న సందేశం రావచ్చు. 1024కూ 32767కూ మధ్య ఉన్న, ఎవరూ అంతగా ఇష్టపడని సంఖ్యను ఎంచుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

వీఎండీ, సిమ్యులేషన్ ప్రోగ్రాములు

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో తయారైన వీఎండీ, నడుస్తున్న సిమ్యులేషన్‌తో ఐఎండీ అన్న ప్రోటోకాల్ ద్వారా మాట్లాడుతుంది. ఇందులో వినేది సిమ్యులేషన్, వెళ్లి తలుపు తట్టేది వీఎండీ. ఈ దిక్కు గుర్తుంచుకోండి, ఎందుకంటే ఫైర్‌వాల్‌లో పోర్టు తెరవవలసింది సిమ్యులేషన్ నడుస్తున్న యంత్రం మీదే కానీ వీఎండీ ఉన్న మీ యంత్రం మీద కాదు. వీఎండీలో 'ఐఎండీ కనెక్ట్' అని రాసి యంత్రం పేరు, పోర్టు సంఖ్య ఇస్తే కనెక్షన్ మొదలవుతుంది.

నామ్డ్ అనే సిమ్యులేషన్ ప్రోగ్రాములో ఐఎండీ దానంతట అది పనిచేయదు. కన్ఫిగరేషన్ ఫైలులో 'ఐఎండీఆన్' ఎదుట 'యెస్' అనీ, 'ఐఎండీపోర్ట్' ఎదుట సంఖ్యా ఇవ్వాలి. 'ఐఎండీవెయిట్' ఎదుట 'యెస్' అని పెడితే వీఎండీ వచ్చి కలిసే వరకూ సిమ్యులేషన్ మొదలుకాదు, మధ్యలో కనెక్షన్ తెగితే మళ్లీ ఆగిపోతుంది. పరీక్షించేటప్పుడు ఇది ఎంతో సౌకర్యం. ఆ ఫైలునే రాత్రికి క్యూలో వేసి నిద్రపోతే మాత్రం, తెల్లారేసరికి ఒక్క అడుగు కూడా వేయని సిమ్యులేషన్, పూర్తిగా ఖర్చయిన కంప్యూటింగ్ గంటలు మిగులుతాయి.

గ్రోమాక్స్ అనే మరో సిమ్యులేషన్ ప్రోగ్రాము విషయంలో ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే ఇక్కడ రెండు ఉచ్చులు ఉన్నాయి. మొదటిది: ఎండీపీ ఫైలులో (సిమ్యులేషన్ అమరికల ఫైలు) ఐఎండీ గుంపును, అంటే వీఎండీకి పంపవలసిన పరమాణువులను, నిర్వచించినంత మాత్రాన సిమ్యులేషన్‌ను నడిపే ఎండీరన్ వినడం మొదలుపెట్టదు. 'ఐఎండీవెయిట్', 'ఐఎండీటెర్మ్', 'ఐఎండీపుల్' అన్న మూడు స్విచ్‌లలో కనీసం ఒకటి ఎండీరన్‌కు ఇవ్వాలి. ఏదీ ఇవ్వకపోతే, ఈ పరుగు కనెక్షన్లను స్వీకరించదని అది తన సందేశాల్లో స్పష్టంగానే చెప్పి, సిమ్యులేషన్‌ను మాత్రం హాయిగా నడుపుకుంటూ పోతుంది. వీఎండీ వైపు కనిపించేది ఉత్త తిరస్కారమే కాబట్టి, ఆ ఒక్క వరుస చదవనివారు పోర్టు మీదా ఫైర్‌వాల్ మీదా పడతారు.

రెండవ ఉచ్చు సంఖ్యలో ఉంది. ఎండీరన్ మామూలుగా వినే పోర్టు 8888. బ్రౌజరులో పైథాన్ కోడ్ రాసే జూపిటర్ నోట్‌బుక్ మామూలుగా తెరిచే పోర్టు కూడా 8888. ఒకే యంత్రంలో రెండూ వాడేవారు కొల్లలు. సిమ్యులేషన్ ముందు మొదలైతే జూపిటర్ తనంతట తను 8889కు తప్పుకుంటుంది, గొడవ కనబడదు. జూపిటర్ ముందు ఉంటే మాత్రం ఎండీరన్‌కు ఆ పోర్టు దొరకదు. ఆ సంగతి తెలియక వీఎండీని 8888కు పంపితే, అది జూపిటర్ తలుపు తట్టి, తనకు అర్థమయ్యే జవాబు రాక విఫలమవుతుంది. పోర్టు తెరిచే ఉంది, అవతల ఎవరో ఉన్నారు, అయినా పని జరగడం లేదు అనిపించే సందర్భాలకు ఇది చక్కని ఉదాహరణ. ఎండీరన్‌కు 'ఐఎండీపోర్ట్' ఆప్షన్‌తో వేరే సంఖ్య ఇచ్చి, రెంటికీ ఎడం చేయండి.

లామ్ప్స్ అనే ఇంకో సిమ్యులేషన్ ప్రోగ్రాములో 'ఫిక్స్ ఐఎండీ' ఆదేశం ఇదే పని చేస్తుంది. అది వేరేగా చెప్పకపోతే కనెక్షన్ కోసం ఆగి ఎదురుచూస్తుంది. ఆగవద్దంటే 'నోవెయిట్' ఎదుట 'ఆన్' అని పెట్టాలి.

కనెక్షన్ కుదిరినా అణువు ముద్దగా, గీతలు గీతలుగా కనబడితే అది పోర్టు దోషం కాదు. వీఎండీలో తెరిచిన నిర్మాణంలోని పరమాణువుల సంఖ్య, వరుస, సిమ్యులేషన్ పంపుతున్నవాటితో కచ్చితంగా సరిపోవాలి. గ్రోమాక్స్ ఐఎండీ గుంపులోని పరమాణువులను మాత్రమే పంపుతుంది; పరుగుకు ముందు ఫైలు సిద్ధం చేసే గ్రోంప్‌కు 'ఐఎండీ' ఆప్షన్ ఇస్తే సరిగ్గా ఆ గుంపుకు సరిపడే నిర్మాణ ఫైలును రాసి ఇస్తుంది, వీఎండీలో దాన్నే తెరవండి.

క్లస్టర్ మీద నడుస్తున్నప్పుడు

మీరు ఎస్ఎస్‌హెచ్‌తో ప్రవేశించే లాగిన్ నోడ్ (క్లస్టర్‌లోని ఒక్కో యంత్రాన్ని నోడ్ అంటారు) వేరు, మీ పని నిజంగా నడిచే కంప్యూట్ నోడ్ వేరు. ఐఎండీ పోర్టు తెరుచుకునేది ఆ రెండవదాని మీద, అనేక నోడ్‌లు ఉంటే వాటిలో మొదటి ప్రాసెస్ ఉన్నదాని మీద. మీ యంత్రం నుంచి నేరుగా అక్కడికి దారి ఉండదు కాబట్టి లాగిన్ నోడ్ మీదుగా ఎస్ఎస్‌హెచ్ సొరంగం వేయాలి. ముందుగా క్యూ జాబితాలో మీ పని ఏ నోడ్ మీద ఉందో చూడండి. ప్రతి పనికీ ఇది మారుతుంది. తరవాత మీ యంత్రంలో 'ఎస్ఎస్‌హెచ్' అని రాసి, హైఫన్, పెద్ద ఎల్, ఆపైన మీ వైపు పోర్టు, కోలన్, కంప్యూట్ నోడ్ పేరు, కోలన్, అటువైపు పోర్టు, ఖాళీ వదిలి లాగిన్ నోడ్‌లోని మీ ఖాతా చిరునామా ఇవ్వండి. ఆ కిటికీని తెరిచే ఉంచి, వీఎండీలో యంత్రం పేరుగా 127.0.0.1ను, పోర్టుగా మీ వైపు సంఖ్యను ఇవ్వండి.

సొరంగం వేశాక రెండవ మెట్టులోని పరీక్ష మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. మీ యంత్రంలో ఆ పోర్టు మీద ఎస్ఎస్‌హెచ్ ఎప్పుడూ వింటూనే ఉంటుంది, అవతల సిమ్యులేషన్ బతికి ఉన్నా లేకపోయినా. అవతల ఎవరూ లేకపోతే కనెక్షన్ కుదిరినట్టే కుదిరి మరుక్షణం తెగిపోతుంది. అసలు కారణం వీఎండీలో కాక ఎస్ఎస్‌హెచ్ కిటికీలో కనబడుతుంది. అక్కడ 'కనెక్ట్ ఫెయిల్డ్, కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని ఉంటే నోడ్ పేరునో, పోర్టునో, సిమ్యులేషన్ స్థితినో సరిచూసుకోండి. 'అడ్మినిస్ట్రేటివ్లీ ప్రొహిబిటెడ్' అని ఉంటే ఆ సర్వరులో సొరంగాలకు అనుమతి లేదు; అది మీరు సరిచేయగలిగింది కాదు.

ఒకే నోడ్‌ను పలువురు పంచుకునే చోట, అందరూ ఒకే ట్యుటోరియల్ చూసి 3000 అనే సంఖ్యనే వాడితే ఢీకొనడం ఖాయం. నేను 20000కు పని సంఖ్యలోని చివరి నాలుగు అంకెలను కలిపి పోర్టుగా వాడతాను. స్క్రిప్టులో ఒక్క వరుసతో అయిపోతుంది. మరో మాట, ఐఎండీకి కూడా సంకేతపదం లేదు. ఆ నోడ్‌ను చేరుకోగలిగిన మరొకరు పొరపాటున మీ సిమ్యులేషన్‌కే కనెక్ట్ కావచ్చు, దాన్ని ఆపవచ్చు కూడా. వీఎండీలో మీరు 'ఐఎండీ డిటాచ్' అంటే కనెక్షన్ మాత్రమే తెగుతుంది, 'ఐఎండీ కిల్' అంటే సిమ్యులేషనే ముగుస్తుంది. ఈ రెండింటినీ తారుమారు చేయకండి.

ఫైర్‌వాల్, విండోస్ ప్రత్యేకతలు

రెండు ప్రోగ్రాములూ ఒకే యంత్రంలో ఉండి 127.0.0.1 ద్వారా మాట్లాడుకుంటుంటే ఫైర్‌వాల్‌ను ముట్టుకోవద్దు. ఆ రాకపోకలకు అది సాధారణంగా అడ్డురాదు. వేరే యంత్రం నుంచి రావలసినప్పుడే దాన్ని పరిశీలించండి. విండోస్‌లో ఒక ప్రోగ్రాము మొదటిసారి వినబోయినప్పుడు అనుమతి అడిగే పెట్టె వస్తుంది. దాన్ని రద్దు చేస్తే ఆ ప్రోగ్రామును అడ్డుకునే నియమం ఒకటి శాశ్వతంగా నమోదవుతుంది, పెట్టె మళ్లీ రాదు. లోపలికి వచ్చే నియమాల జాబితాలో ఆ ప్రోగ్రాము పేరు వెతికి, అడ్డుకునే నియమాన్ని తీసేసి, ఆ ఒక్క పోర్టుకు, మీ నెట్‌వర్క్‌కు మాత్రమే పరిమితమైన అనుమతి రాయండి.

ఇక 10013 సంగతి. జాబితాలో ఎవరూ వినడం లేదు, సంఖ్య 1024 కంటే పెద్దదే, అయినా అనుమతి లేదంటోంది అంటే, హైపర్-వీ (వర్చువల్ యంత్రాలను నడిపే విండోస్ భాగం) వంటి సదుపాయాలు కొన్ని పోర్టు వరుసలను ముందే కేటాయించుకుని ఉండవచ్చు. 'నెట్‌ఎస్‌హెచ్ ఇంటర్‌ఫేస్ ఐపీవీ4 షో ఎక్స్‌క్లూడెడ్‌పోర్ట్‌రేంజ్' అన్న ఆదేశానికి 'ప్రోటోకాల్', సమానం గుర్తు, 'టీసీపీ' చేర్చి నడిపితే ఆ వరుసలు కనబడతాయి. మీ సంఖ్య వాటి మధ్య పడితే, ఇలాంటి సందర్భంలో పోర్టు మార్చడమే సరైన మందు.

పోర్టు సరిగా ఉండి జవాబు రాకపోతే

కైమెరాఎక్స్ తన రెస్ట్ సర్వరుకు వచ్చిన ఆదేశాలను ప్రధాన కిటికీ నడిచే వరుసలోనే అమలు చేస్తుంది. పెద్ద ఉపరితలాన్ని లెక్కిస్తున్న సమయంలో పంపిన ఆదేశం ఆ పని అయ్యేదాకా ఆగవలసిందే. ప్రతి ఆదేశానికీ పది సెకన్ల గడువు పెట్టిన స్క్రిప్టు దీన్ని నెట్‌వర్క్ వైఫల్యంగా పొరబడుతుంది. గడువు పెంచండి, లేదా భారీ ఆదేశాలను విడిగా పంపండి.

ప్రాక్సీ (ఇంటర్నెట్ అభ్యర్థనలను మధ్యలో అందుకుని పంపే సర్వరు) వెనక ఉన్న యంత్రాల్లో మరో చిత్రం జరుగుతుంది. పైథాన్‌లోని రిక్వెస్ట్స్ వంటి లైబ్రరీలు ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్న ప్రాక్సీ వివరాలను చదివి, 127.0.0.1కు వెళ్లవలసిన అభ్యర్థనను కూడా ప్రాక్సీ సర్వరుకు పంపుతాయి. ప్రాక్సీకి అది తన సొంత చిరునామా. వెనక్కి వచ్చే 403 లేదా 502 వంటి సంఖ్యలు కైమెరాఎక్స్ పంపినవి కావు. 'నో ప్రాక్సీ' వేరియబుల్‌లో లోకల్‌హోస్ట్, 127.0.0.1 రెండింటినీ చేర్చండి.

బయటికి వెళ్లే కనెక్షన్లు

నిర్మాణాన్ని ప్రొటీన్ డేటా బ్యాంక్ నుంచి నేరుగా తెచ్చుకునే ఆదేశం విఫలమైతే, మీ యంత్రంలో వినే పోర్టులతో దానికి సంబంధం లేదు. అది 443 పోర్టు ద్వారా బయటికి వెళ్లే హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్. అదే చిరునామా బ్రౌజరులో తెరుచుకుంటుందో లేదో చూడండి. బ్రౌజరులో తెరుచుకుని ప్రోగ్రాములో విఫలమైతే ప్రాక్సీ వివరాలనైనా, ప్రోగ్రాము వయసునైనా అనుమానించాలి. డేటా బ్యాంక్ 2024 నవంబరు 1 నుంచి ఎఫ్‌టీపీ ద్వారా ఫైళ్లు ఇవ్వడం మానేసింది కాబట్టి, 21 పోర్టు మీద ఎఫ్‌టీపీ చిరునామానే నమ్ముకున్న పాత వెర్షన్లకు ఏ ఫైర్‌వాల్ మార్పూ సాయపడదు. కొత్త వెర్షన్‌కు మారండి, లేదా ఫైలును బ్రౌజరుతో దించుకుని తెరవండి.

వాణిజ్య ప్యాకేజీల్లో చాలావరకు లైసెన్సు సర్వరును వెతుక్కుంటూ వెళ్తాయి. ఫ్లెక్స్‌నెట్ అనే లైసెన్సు పద్ధతి వాడేవాటిలో ప్రధాన సర్వరు మామూలుగా 27000 నుంచి 27009 వరకూ ఉన్న పోర్టుల్లో ఒకదాని మీద ఉంటుంది. ఆ పోర్టు తెరిచినా లైసెన్సు అందకపోతే ఆశ్చర్యపోకండి: లైసెన్సు నిజంగా ఇచ్చేది దాని వెనక ఉండే వెండర్ డీమన్ అన్న రెండవ ప్రోగ్రాము, అది పునఃప్రారంభమైన ప్రతిసారీ వేరే పోర్టును ఎంచుకోగలదు. లైసెన్సు ఫైలులో వెండర్ వరుస చివర దానికి కూడా స్థిరమైన పోర్టు రాయించి, రెండింటినీ ఫైర్‌వాల్‌లో అనుమతించాలి. నిన్నటివరకూ పనిచేసి, సర్వరును తిరిగి ప్రారంభించాక ఆగిపోయిందంటే మొదట చూడవలసింది ఇదే.

నిర్వాహకులను అడగవలసి వస్తే

ఫైర్‌వాలో, సొరంగం అనుమతో మీ చేతిలో లేనప్పుడు 'నెట్‌వర్క్ పనిచేయడం లేదు' అని రాస్తే తిరుగు ప్రశ్నలతో రెండు రోజులు పోతాయి. కనెక్షన్ ఏ యంత్రం నుంచి ఏ యంత్రానికి వెళ్తోందో, టీసీపీ పోర్టు సంఖ్య ఎంతో, ప్రయత్నించిన సమయం ఏమిటో, తెరపై వచ్చిన సందేశం ఏమిటో అక్షరం మార్చకుండా రాయండి. దానితోపాటు సర్వరు యంత్రంలో ఆ పోర్టు ఏ చిరునామా మీద వింటున్నదో చూపే ఒక వరుసను, అదే యంత్రం నుంచి తట్టినప్పుడు తెరుచుకుందన్న ఫలితాన్ని, మీ యంత్రం నుంచి తట్టినప్పుడు వచ్చిన ఫలితాన్ని అతికించండి. పోర్టును ఎంతకాలం తెరిచి ఉంచాలో, ఏ చిరునామాలకు మాత్రమే కావాలో మీరే ముందుగా చెబితే అనుమతి దొరకడం తేలికవుతుంది. పని ముగిసిన రోజున దాన్ని మూసేయమని మళ్లీ ఒక వరుస రాసి పంపండి.